రేడియోధార్మిక పదార్థాల రవాణా పేటికలు: లీకు పరీక్షలు, కోలారు జిల్లా

రేడియోధార్మిక పదార్థాన్ని రోడ్డు, రైలు, ఓడ, విమానం మీద పంపేటప్పుడు, అది పేటికలోంచి అనుమతించిన మోతాదుకు మించి బయటికి రాదని కొలిచి నిర్ధారించే పరీక్షలే లీకు పరీక్షలు. పేటిక అంటే ఆస్పత్రికి అయోడిన్ సీసా తెచ్చే చిన్న డబ్బా కావచ్చు, టన్నుల బరువుండే ఉక్కు, సీసం ఫ్లాస్కు కావచ్చు. ఏ పేటికకైనా చేయాల్సిన పనులు రెండు. లోపలి పదార్థాన్ని లోపలే ఉంచడం ఒకటి, దాని కిరణాలను అడ్డుకోవడం రెండోది. లీకు పరీక్ష మొదటి పనికి మాత్రమే సంబంధించింది. ఈ రెంటినీ కలగలిపి చూడటం వల్లనే ఈ విషయంలో సగం అపోహలు పుడుతున్నాయి.

కోలారుతో సంబంధం

కర్ణాటక తూర్పు అంచున, చిత్తూరు సీమను ఆనుకుని ఉన్న కోలారు జిల్లాలో ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట ప్రాంతాల్లో తెలుగు ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. కోలారు బంగారు గనుల (కేజీఎఫ్) కార్మికుల్లో తమిళులతో పాటు తెలుగువారూ తరతరాలుగా పనిచేశారు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ చేపట్టిన ఈ గనులు 1956లో ప్రభుత్వపరమయ్యాయి. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. అప్పటికి ఛాంపియన్ రీఫ్ గని భూమిలోకి మూడు కిలోమీటర్లకు పైగా దిగిపోయింది.

ఆ లోతే శాస్త్రవేత్తలను రప్పించింది. 1965లో టాటా మౌలిక పరిశోధన సంస్థ, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండ్‌లోని డర్హమ్ విశ్వవిద్యాలయాల బృందం అక్కడ సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టింది. 1980 నుంచి అదే లోతున ప్రోటాన్ క్షయం కోసం, వాయువు నింపిన ఇనుప గొట్టాల వరసలతో సుమారు 140 టన్నుల పరికరం నడిచింది. ఆ గొట్టాల్లోకి బయటి గాలి చొరబడితే ఫలితాలు పాడవుతాయి. కేజీఎఫ్ ప్రయోగాల్లో లీకు అన్న మాటకు ప్రాముఖ్యం ఇలా, సంకేతం కోల్పోతామన్న భయంతో వచ్చింది.

1980లలో భాభా అణు పరిశోధన కేంద్రం ఈ గనుల్లో వాడకం ఆపేసిన ఒక భాగంలో, సుమారు వెయ్యి మీటర్ల లోతున, ఒక గది తొలిచి మరో ప్రయోగం చేసింది. అణు వ్యర్థం వేడికి చుట్టూ ఉన్న యాంఫిబొలైట్ రాయి ఎలా స్పందిస్తుందో తెలుసుకోవడమే దాని ఉద్దేశం. వ్యర్థపు డబ్బాల స్థానంలో విద్యుత్ హీటర్లు పెట్టారు. రేడియోధార్మిక వ్యర్థం మాత్రం రాలేదు.

2012 నవంబరులో, కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం కేసు సుప్రీంకోర్టులో నడుస్తుండగా, వాడిన ఇంధనపు వ్యర్థాన్ని చివరికి ఎక్కడ దాస్తారన్న చర్చలో కేజీఎఫ్ పేరు వినిపించింది. ఊరు ఒక్కసారిగా భగ్గుమంది. కొద్ది రోజుల్లోనే కేంద్రం అలాంటి ఆలోచన లేదని వివరణ ఇచ్చింది. ఆ కోపానికి ఒక చరిత్ర ఉంది. బంగారం తీసిన రాతిపొడి మూడు కోట్ల టన్నులకు పైగా ‘సైనైడ్ దిబ్బలు’గా ఊరి మధ్యనే పేరుకుని ఉంది. గాలి రేగితే ఆ ధూళి ఇళ్లలోకి వస్తుంది. ఒక పదార్థాన్ని వదిలేసి వెళ్లిపోయిన అనుభవం ఉన్న ఊరికి ఇంకో పదార్థాన్ని భద్రంగా ఉంచుతామంటే నమ్మకం కుదరలేదు.

రాని వ్యర్థం గురించి ఇంత గొడవ జరిగింది కానీ, జిల్లాలోకి నిజంగా వచ్చే రేడియోధార్మిక పదార్థం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మాలూరు పారిశ్రామిక వాడలోని ఇన్నోవా అగ్రి బయో పార్క్‌లో గామా వికిరణ కేంద్రం ఉంది. మామిడి వంటి పంటలకు కోబాల్ట్-60 కిరణాలు పట్టించి పురుగును నిర్వీర్యం చేసే కేంద్రమిది. అమెరికా 2007లో భారత మామిడికి తలుపు తెరిచినప్పుడు పెట్టిన షరతు కనీసం 400 గ్రే మోతాదు. ఈ పని చేసే ఏ కేంద్రానికైనా కోబాల్ట్ రోడ్డు మీదనే, భారీ ఫ్లాస్కులో రావాలి. కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 సంవత్సరాలు కాబట్టి ఒకసారి తెచ్చి ఊరుకుంటే సరిపోదు. కొత్తది తెస్తూ, పాతది తిప్పి పంపుతూ ఉండాలి. శ్రీనివాసపురం మామిడి తోటల జిల్లాలో లీకు పరీక్ష గురించి తెలుసుకోవాల్సిన అసలు సందర్భం ఇదే.

కారడం అంటే ఎంత

బొత్తిగా కారని పేటిక లేదు. ప్రతి మూతకూ, ప్రతి రబ్బరు రింగుకూ, ప్రతి వెల్డుకూ ఎంతో కొంత దారి ఉంటుంది. అందువల్ల నియమాలు ‘కారకూడదు’ అనవు, ‘ఇంతకు మించి కారకూడదు’ అంటాయి.

ఆ ‘ఇంత’కు కొలత ‘ఏ2’ అనే విలువ. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ప్రతి రేడియోధార్మిక ఐసోటోపుకూ దీన్ని లెక్కగట్టి ఇచ్చింది. పేటిక పగిలినా దగ్గరున్న మనిషికి ప్రమాదకర మోతాదు అందకుండా ఉండేందుకు ఎంత పదార్థం దాకా మామూలు పేటికలో పంపొచ్చో అది చెబుతుంది. రేడియోధార్మికత కొలమానమైన బెకరెళ్లలో చెబితే, కోబాల్ట్-60కి అది 0.4 టెరాబెకరెల్. ప్లుటోనియం-239కి 0.001 మాత్రమే, ఎందుకంటే ఊపిరితిత్తుల్లోకి చేరితే అది చేసే హాని చాలా ఎక్కువ.

భారీ మొత్తాలు మోసే బి రకం పేటికలకు హద్దులు రెండు. మామూలు ప్రయాణంలో గంటకు ఏ2లో పది లక్షల వంతుకు మించి బయటికి రాకూడదు. ఘోర ప్రమాదం తర్వాత వారం రోజుల్లో ఒక ఏ2కి మించకూడదు, క్రిప్టాన్-85 వాయువుకైతే పది ఏ2. ఈ లెక్కన మామూలు ప్రయాణంలో కోబాల్ట్ గంటకు నాలుగు లక్షల బెకరెళ్ల దాకా అనుమతిస్తే, ప్లుటోనియం వెయ్యికే ఆగిపోవాలి. అంటే ఒకే ఉక్కు పెట్టెలో ఏం పెట్టారన్నదాన్ని బట్టి దాని మూత ఎంత బిగువుగా ఉండాలో మారుతుంది.

కానీ మూత దగ్గర నిలబడి బెకరెళ్లు కొలవడం కుదరదు. అందుకే ఇంజనీర్లు ఆ హద్దును వాయువు కారే వేగంలోకి మారుస్తారు. లోపలి గాలిలో ఎంత పదార్థం తేలుతూ ఉండగలదు, ఆ గాలి ఎంత వేగంగా బయటికి పోతే హద్దు దాటుతుంది అని వెనక్కి లెక్కిస్తారు. ఫలితం సెకనుకు ఇన్ని ఘన సెంటీమీటర్ల గాలి అని వస్తుంది. లోపల ఒక వాతావరణ ఒత్తిడి, బయట దాదాపు శూన్యం, 25 డిగ్రీల వేడి అనే ప్రమాణ స్థితిలో ఈ వేగం చెబుతారు. సముద్రమట్టానికి ఎనిమిది వందల మీటర్లకు పైన ఉన్న కోలారు పీఠభూమిలో గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్న దానికి పదో వంతు తక్కువ. అక్కడ తీసిన కొలతను ప్రమాణ స్థితికి సరిచేయకుండా రాసుకుంటే అంకె తప్పుతుంది.

అమెరికా ప్రమాణం ఎన్14.5 ప్రకారం సెకనుకు 10⁻⁷ ఘన సెం.మీ. లేదా అంతకంటే తక్కువ కారే పేటికను ‘లీకు లేనిది’గా లెక్కిస్తారు. ఆ వేగంతో ఒక ఘన సెంటీమీటరు గాలి బయటికి పోవడానికి దాదాపు నాలుగు నెలలు పడుతుంది. సెంటీమీటరు పొడవున్న సన్నని రంధ్రం అనుకుంటే, దాని వ్యాసం ఒకటి రెండు మైక్రాన్లు. ప్రయాణానికి ముందు చేసే చివరి తనిఖీకి మాత్రం 10⁻³ స్థాయి లీకును పట్టగల పరీక్ష చాలు. ఈ రెండు అంకెల మధ్య పది వేల రెట్ల తేడా ఉంది. సూక్ష్మ పరీక్షలు పేటిక తయారీలో తప్పు లేదని చూపిస్తాయి. చివరి తనిఖీ పని మూత సరిగ్గా వేశారా, రింగు మీద ఇసుక రేణువు చిక్కిందా అని చూడటమే.

పరీక్షల తీరు

పాత పద్ధతి బుడగ పరీక్ష. సైకిలు ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి పంక్చరు వెదికినట్టే, పేటికలో గాలి ఒత్తిడి పెంచి నీటిలో ముంచుతారు, లేదా కీళ్ల మీద సబ్బు నురుగు పూస్తారు. లీకు ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది. ఎంత ఉందో చెప్పడం కష్టం, పైగా చూసేవాడి కన్ను ఎంత చురుకో అన్న దాని మీద ఫలితం ఆధారపడుతుంది.

ఎక్కువగా వాడేది ఒత్తిడి పరీక్ష. ఇందుకోసమే చాలా ఫ్లాస్కుల మూతకు ఒకటికి రెండు రబ్బరు రింగులు పెడతారు. రెండు రింగుల మధ్య ఉన్న సన్నని గాడికి బయటి నుంచి ఒక చిన్న దారి ఉంటుంది. అక్కడ గాలి ఎక్కించి ఒత్తిడి పడిపోతోందా అని చూస్తారు, లేదా గాలి లాగేసి ఒత్తిడి పెరుగుతోందా అని చూస్తారు. గాడి పరిమాణం పది ఘన సెం.మీ. అనుకుందాం. 10⁻³ లీకు ఉంటే పది నిమిషాల్లో 0.6 ఘన సెం.మీ. గాలి పోతుంది. అంటే ఒత్తిడిలో ఆరు శాతం మార్పు. మామూలు గేజి మీద కూడా ఇది కనబడుతుంది.

అదే పరీక్షను ఫ్లాస్కు పెద్ద గది మొత్తానికి చేస్తే ఏమవుతుంది? గది వంద లీటర్లయితే అదే లీకు పది లక్షలకు ఆరు వంతుల మార్పు తెస్తుంది. లోపలి గాలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీలో అయిదు వందల వంతు మారినా అంత మార్పు వచ్చేస్తుంది. లోపలి పదార్థం తన వేడితో తానే ఉష్ణోగ్రతను పెంచుతూ ఉంటుంది కాబట్టి ఈ కొలత అర్థం లేనిది. రెండు రింగుల ఏర్పాటు ఖర్చు పెంచినా దాన్ని వదలకపోవడానికి కారణం ఈ లెక్కే. దీనికీ ఒక బలహీనత ఉంది. గాడిలోంచి పోయిన గాలి లోపలి రింగు వైపు పోయిందా, బయటి రింగు వైపు పోయిందా అన్నది తెలియదు. అందుకని పోయిందంతా లోపలి రింగు ఖాతాలోనే వేస్తారు. నష్టమేమీ లేదు, భద్రత వైపే తప్పు పడుతుంది.

10⁻⁷ స్థాయికి వెళ్లాలంటే హీలియం కావాలి. లోపల హీలియం నింపి, బయట శూన్యం చేసి, కారిన అణువులను మాస్ స్పెక్ట్రోమీటరుతో పట్టుకుంటారు. హీలియం అణువు చిన్నది, ఏ పదార్థంతోనూ కలవదు, గాలిలో పది లక్షలకు అయిదు పాళ్లే ఉంటుంది. ఆ అయిదు పాళ్లు కూడా ఒక్కోసారి అడ్డమే. బయటి నుంచి ముక్కుతో వాసన చూసే రకం పరికరం గాలిలోని హీలియాన్ని కూడా పీలుస్తుంది కాబట్టి, అంతకంటే సూక్ష్మమైన లీకును అది గుర్తించలేదు.

హీలియంతో ఇంకో చిక్కు ఉంది. అది రబ్బరు గుండానే నెమ్మదిగా చొచ్చుకుపోతుంది. పరీక్ష మొదలైన కొన్ని నిమిషాలకు అంకె పైకి లేస్తే, అది పగులులోంచి వస్తోందా, రబ్బరు గుండా వస్తోందా అని విడదీయాలి. ఆలస్యంగా మొదలై, నెమ్మదిగా పెరిగి, తర్వాత స్థిరపడే తీరు చొచ్చుకుపోవడానికి గుర్తు. వెంటనే లేస్తే అది నిజమైన లీకు. ఏళ్ల తరబడి మూత తీయకుండా ఉంచే పేటికల్లో ఈ బాధ లేకుండా లోహపు రింగులు వాడతారు. జర్మనీ ‘కాస్టర్’ పేటికల్లో రెండు మూతల మధ్య ఒత్తిడిని నిరంతరం గమనిస్తూ ఉంటారు. అక్కడ లీకు పరీక్ష ఒకరోజు పని కాదు, పేటిక ఉన్నంత కాలం నడిచే పని.

పడేసి, కాల్చి, ముంచి

బి రకం నమూనా అనుమతి పొందాలంటే పేటికను తొమ్మిది మీటర్ల ఎత్తు నుంచి ఏ మాత్రం లొంగని నేల మీద పడేయాలి. 15 సెం.మీ. వ్యాసమున్న ఉక్కు కడ్డీ మీద మీటరు ఎత్తు నుంచి పడేయాలి. 800 డిగ్రీల మంటలో అరగంట ఉంచాలి. 15 మీటర్ల నీటి లోతుకు సమానమైన ఒత్తిడిలో ఎనిమిది గంటలు ఉంచాలి. లక్ష ఏ2లకు మించిన సరుకు మోసే పేటిక 200 మీటర్ల లోతున గంటసేపు పగలకుండా ఉండాలి. ఆ తర్వాతే అసలు ప్రశ్న వస్తుంది: మూత ఇంకా పట్టుకునే ఉందా? సొట్టలు పడ్డా ఫరవాలేదు, రంగు కాలినా ఫరవాలేదు.

1984 జులై 17న ఇంగ్లండ్‌లోని ఓల్డ్ డాల్బీ దగ్గర, పట్టాల మీద పెట్టిన అణు ఇంధన ఫ్లాస్కును గంటకు దాదాపు 160 కిలోమీటర్ల వేగంతో వచ్చిన రైలుతో గుద్దించారు. రైలు ఇంజను తుక్కయింది. టీవీలో జనం చూసింది అదే. ఇంజనీర్లు చూసింది ఫ్లాస్కు లోపలి ఒత్తిడి గేజిని. అది దాదాపు కదలలేదు.

తక్కువ మొత్తాలు మోసే ‘ఏ’ రకం పేటికలకు ఇంత కఠినత్వం లేదు. అయోడిన్-131 ద్రవం వంటిది తెచ్చే పేటికలో, సీసా పగిలినా ద్రవానికి రెండింతలు పీల్చుకోగల పదార్థమైనా ఉండాలి, లేదా లోపల రెండో పాత్రైనా ఉండాలి. కడప జిల్లా తుమ్మలపల్లె నుంచి హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు వెళ్లే యురేనియం ముడి సమ్మేళనం లాంటి తక్కువ తీవ్రత గల సరుకుకు గట్టి పారిశ్రామిక డ్రమ్ములు చాలు.

కోబాల్ట్ దారి వేరు

మాలూరు లాంటి కేంద్రానికి వచ్చే ఫ్లాస్కు విషయంలో ఒక తిరకాసు ఉంది. టన్నుల కొద్దీ బరువున్న ఆ ఫ్లాస్కు చాలా మటుకు కిరణాలను అడ్డుకోవడానికి. పదార్థాన్ని పట్టి ఉంచేది దాని లోపల ఉన్న సన్నని స్టెయిన్‌లెస్ స్టీలు ‘పెన్సిల్’. నికెల్ పూత పూసిన కోబాల్ట్ ముక్కలను లోహపు గొట్టంలో పెట్టి వెల్డు చేసి, దాన్ని ఇంకో గొట్టంలో పెట్టి మళ్లీ వెల్డు చేస్తారు. అందుచేత ఇక్కడ లీకు పరీక్ష ఫ్లాస్కు మూతకంటే ముందు ఈ వెల్డుకు జరుగుతుంది.

వీటికి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 9978. పెన్సిల్‌ను తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డలోని రేడియోధార్మికతను కొలుస్తారు. లేదా 50 డిగ్రీల వేడి నీటిలో నాలుగు గంటలు ఉంచి ఆ నీటిని కొలుస్తారు. 200 బెకరెళ్లకు మించితే అది లీకయినట్టే. కోబాల్ట్‌లాగా నీటిలో కరగని లోహానికి హీలియం పరీక్షలో ఒక హద్దు, కరిగే పదార్థానికి ఎన్నో రెట్లు కఠినమైన హద్దు. ఈ తేడా ఎందుకో 1988లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం డికేటర్‌లో తెలిసొచ్చింది. అక్కడి వికిరణ కేంద్రంలో నీటిలో కరిగే సీజియం క్లోరైడ్ గొట్టం ఒకటి కారి నిల్వ కొలనంతా కలుషితమైంది. ఆ తర్వాత ఈ పనిలో కోబాల్ట్‌కే మొగ్గు పెరిగింది.

కోబాల్ట్‌ను నీటి కొలనులో ఉంచే కేంద్రాల్లో ఆ నీటిని, నీటిని శుద్ధి చేసే రెజిన్‌ను క్రమం తప్పకుండా పరీక్షిస్తారు. ప్రయాణం అయిపోయాక కూడా లీకు పరీక్ష కొనసాగుతుందన్న మాట.

లీకు కాని లీకులు

2002 మార్చిలో ఇంగ్లండ్‌లోని లీడ్స్ ఆస్పత్రి నుంచి పాత కోబాల్ట్ మూలాన్ని లారీలో తరలించారు. కవచపు బిరడా పెట్టడం మరిచిపోవడంతో ఒక సన్నని కిరణ పుంజం దారి పొడవునా కిందికి, రోడ్డు మీదికి పడుతూ వెళ్లింది. పదార్థం ఒక రేణువైనా బయటికి రాలేదు. ఎంత గొప్ప హీలియం పరీక్షయినా దీన్ని పట్టలేదు. దీన్ని పట్టేది డోసు మీటరు ఒక్కటే. ఆ పని బయల్దేరే చోటే చేయాలి.

1998లో దీనికి భిన్నమైన గొడవ జరిగింది. వాడిన ఇంధనం మోసే పేటికల బయటి ఉపరితలం మీద హద్దుకు మించిన సీజియం కనబడటంతో జర్మనీ ఆ రవాణాను ఆపేసింది. మూతలు కారాయా అంటే, లేదు. కొలనులో ఇంధనం నింపేటప్పుడు ఉక్కు ఉపరితలం, రంగు పూత నీటిలోని సీజియాన్ని పీల్చుకున్నాయి. కడిగినప్పుడు శుభ్రంగా కనబడ్డా, దారిలో తేమ తగిలి అది పైకి వచ్చింది. ఇంజనీర్లు దీన్ని పేటిక ‘చెమర్చడం’ అంటారు. మూత పరీక్ష నెగ్గిన పేటిక కూడా మురికిగా ఉండొచ్చు. అందుకే ఉపరితలాన్ని 300 చదరపు సెం.మీ. మేర తుడిచి కొలవడం విడిగా చేసే పని. గామా, బీటా పదార్థాలకు హద్దు చదరపు సెంటీమీటరుకు 4 బెకరెళ్లు, ఎక్కువ విషతుల్యమైన ఆల్ఫా పదార్థాలకు 0.4.

భారతదేశంలో

అంతర్జాతీయ రవాణా నియమాలు మొదట 1961లో వచ్చాయి. ఇప్పుడు అవి ఎస్‌ఎస్‌ఆర్-6 పేరుతో ఉన్నాయి. లీకు పరీక్షలకు ప్రత్యేకించి ఐఎస్‌ఓ 12807 ప్రమాణం 1996లో వచ్చి 2018లో సవరణ పొందింది. భారతదేశంలో 1983 నవంబరులో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి 1986లో తన రవాణా భద్రతా నియమావళిని ప్రకటించి, 2016లో సవరించింది. బి రకం నమూనాకు ఈ మండలి అనుమతి తప్పనిసరి. అణుశక్తి శాఖ కింద ఉన్న బ్రిట్ సంస్థ కోబాల్ట్ మూలాలను, వాటి ఫ్లాస్కులను సమకూరుస్తుంది.

బి రకంలో ఒకటైన బి(యు) పేటిక ఫిల్టరు మీదా, యంత్రాలతో చల్లబరచడం మీదా ఆధారపడి లీకు హద్దును చేరుకోకూడదు. దారిలో కరెంటు పోయినా, డ్రైవరు లారీని వదిలేసి వెళ్లినా పేటిక తన పని తాను చేయాలన్నది దీని వెనక ఉద్దేశం.

పెన్సిళ్లు దించేశాక ఫ్లాస్కు ‘ఖాళీ పేటిక’గా తిరిగి వెళ్తుంది. లోపలి గోడల మీద ఉండే మురికి బయటి ఉపరితల హద్దుకు వంద రెట్ల దాకా ఉండొచ్చు, మూత మాత్రం గట్టిగా బిగించి ఉండాలి, పాత హెచ్చరిక లేబుళ్లు కనబడకూడదు. అరిగిన పాత పెన్సిళ్లు దాంట్లో వెనక్కి వెళ్తుంటే మాత్రం అది ఖాళీ కాదు. తుడుపు పరీక్ష, మూత తనిఖీ, డోసు కొలత అన్నీ మాలూరు గేటు దాటకముందే మళ్లీ మొదటి నుంచి చేయాలి.